ఆమె ఫోన్‌లో లేని ఫాంట్

ఫిబ్రవరి 9, ఆదివారం

నా భార్య జమున ఈ ఉదయం ఖానాపూర్ వెళ్లింది. అక్కడ ఆమె తమ్ముడు హనుమండ్లు ఇంట్లో పసుపు ఉడకబెడుతున్నారు. మనుషుల అవసరం ఉంది. వేరే కారణమేమీ లేదు.

పసుపు పనికి కుట్టుమిషను కూడా అవసరమవుతుందని నాకు ఇంతవరకు తెలియదు. హనుమండ్లు ట్రాలీ ఆటో తెచ్చి దానిని ఎక్కించుకుపోయాడు. ఎక్కించేటప్పుడు నేను ఒకవైపు పట్టాను.

ఫిబ్రవరి 11

ఫోన్ రాలేదు. ఖానాపూర్‌లో సిగ్నల్ బలహీనంగా ఉంటుంది.

సాయంత్రం: పసుపు కొమ్ములు ఆరబోసిన ఫోటో ఒకటి ఆమె స్టేటస్‌లో కనిపించింది. సిగ్నల్ అప్పుడప్పుడు వస్తుందన్నమాట.

ఫిబ్రవరి 13

ప్రెస్‌లో లక్ష్మీరాజం సేటు మళ్లీ అదే ప్రస్తావన తెచ్చారు. పెండ్లిళ్ల సీజను, కార్డుల పని ఎక్కువగా ఉంది.

"పరశురాములూ, గిరాకీలందరు మ్యాటర్ వాట్సాప్‌ల పంపుతున్రు. నువ్వు దాన్ని మళ్ల మొదటిసంది కొట్టుడేంది? అలేఖ్య అయితే కాపీ చేసి పెడ్తది, అయిపాయె."

"ఆ అక్షరాలకు పొందిక ఉండది సేటు."

"పెండ్లి కార్డుల పొందిక ఎవడు జూస్తడయ్యా. టైము జూస్తరు, ఫంక్షన్ హాలు జూస్తరు."

అలేఖ్య పక్క కంప్యూటరు మీద పనిచేసే అమ్మాయి. చేరి ఏడాది కూడా కాలేదు. వినయంగానే ఉంటుంది.

నేను పాత ఫాంట్ల మీద పని నేర్చినవాణ్ని. పగలు ఈ ప్రెస్‌లోనే కాగితాలు కత్తిరిస్తూ, రాత్రి బడిలో పదవ తరగతి, తర్వాత సాయంకాల కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి, ఆపై కంపోజింగ్ కుర్చీలో కూర్చున్నాను. ఆ ఫాంట్లలో అక్షరం అంటే ముక్కలు. క వేరు, తలకట్టు వేరు, గుడి వేరు, ఒత్తు వేరు. ఒక్కో ముక్కకు ఒక్కో మీట. ఏది ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది వేళ్లు. నిజం చెప్పాలంటే, అది తెలుగని కంప్యూటరుకు తెలియదు. ఇంగ్లీషు అక్షరాల పట్టికలో ఫ్రెంచి వాళ్లకూ జర్మనీ వాళ్లకూ కేటాయించిన గదులు కొన్ని ఉన్నాయి: నెత్తిన వాలుగీత ఉన్న అక్షరం, రెండు చుక్కలున్న అక్షరం, కింద తోక ఉన్న అక్షరం. ఎవరో తెలివైనవాళ్లు ఆ గదుల్లో మన గుళ్లనూ కొమ్ములనూ అద్దెకు దింపారు. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేని చోట అద్దెకున్నవాళ్లు మాయమై అసలు యజమానులు బయటికి వస్తారు.

యూనికోడ్ అనే కొత్త పద్ధతిలో మన గుర్తులకు సొంత ఇళ్లు ఇచ్చారు. క, దాని వెనుక గుడి అని కంప్యూటరు వరుసగా గుర్తుపెట్టుకుంటుంది. రెండింటినీ అతికించి బొమ్మ గీయడం ఫాంటు పని. మనిషి కూర్చవలసిందేమీ ఉండదు. దానిని విద్య అనడానికి నేను ఒప్పుకోను.

ఫిబ్రవరి 14

పసుపు ఇంకా ఉడుకుతున్నట్లుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఎవరూ చదవని చోట వ్రాస్తున్నాను కనుక, ఈ నెల ఎనిమిదవ తేదీన జరిగిన దానిని క్లుప్తంగా నమోదు చేస్తున్నాను. దానికీ జమున ప్రయాణానికీ సంబంధం లేదు.

జమున పొదుపు సంఘం వాళ్లు సకినాల ప్యాకెట్లు అమ్మదలచారు. ప్యాకెట్ మీది లేబుల్‌కు మ్యాటర్ కావలసి వచ్చింది. జమున దానిని తన ఫోన్‌లో తానే కొట్టి తెచ్చింది. ఆమె ఏడవ తరగతి వరకు చదివింది. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతిని మేనకోడలు స్పందన దగ్గర నేర్చుకుంది. సంఘం అధ్యక్షురాలు సరోజన, మరికొందరు ఆడవాళ్లు ఆమె వెంట ప్రెస్‌కు వచ్చారు. సేటు ఉన్నారు. అలేఖ్య ఉంది.

సరోజన, "మీ ఆయన లెక్కనే నువ్వు గూడ టైపు నేర్చినవు గదనే జమునా" అన్నది.

జమున నా వైపు చూసింది.

నేను, "అది టైపు గాదు. ఆమె కొట్టేది ఇంగ్లీషు, తెలుగు జేసేది ఫోను. వచ్చింది ఆమెకు గాదు, ఫోనుకు" అన్నాను.

అందరూ నవ్వారు. జమున కూడా నవ్వింది. కనుక ఎవరికీ అభ్యంతరం లేదని భావించాను. సాంకేతికంగా ఆ మాటలో దోషం లేదు. అలేఖ్య మాత్రం నవ్వలేదు; ఆమెకు పని ఉంది.

తర్వాత ఆ లేబుల్‌ను నేను పాత ఫాంటులో మళ్లీ కూర్చి, అక్కడక్కడ భాషను ఉన్నతీకరించి ఇచ్చాను. జమున దానిని బల్ల మీదనే వదిలి వెళ్లింది. ఇంట్లో అన్నం పెట్టింది. హనుమండ్లుకు ఫోన్ చేసింది.

ఫిబ్రవరి 19

హనుమండ్లు ఫోన్ చేశాడు. అతడు మెత్తని మనిషి. కష్టమైన మాట చెప్పేముందు వాతావరణం గురించి మాట్లాడతాడు.

"ఎండలు మస్తు కొడ్తున్నయి బావా."

"ఔను."

"పసుపు ఉడకబెట్టుడు మొన్ననే అయిపోయింది."

నేను ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అక్క మాకేం చెప్పలే. ప్రెస్‌ల అయిన సంగతి ఆ సంఘపోళ్లే ఫోన్ల చెప్పిన్రు. ఈడ కొత్తగ కుట్టు సెంటర్ పెడ్తున్నరు. నేర్పనీకి అక్కను అడిగిన్రు. ఉగాది సంది షురూ. ఇగ ఈడనే ఉంటనంటుంది."

"ఎన్నాళ్లు?"

"అదే బావా. ఎన్నాళ్లంటే చెప్తలేదు. నువ్వు ఒక మాట అంటే అయిపోతది. నోటితోని నీకు రాదు, నాకెరుక. రాసి పంపు. అక్క సదువుకుంటది."

సూచన సమంజసంగా ఉంది. వ్రాయడం నాకు కొత్త కాదు.

ఫిబ్రవరి 21

మధ్యాహ్నం భోజన విరామంలో, సేటు బయటికి వెళ్లినప్పుడు, పాత ఫాంటులో జమునకు ఉత్తరం కూర్చాను. మూడు పేరాలు. మార్జిన్లు రెండువైపులా సరిచేశాను. మూడవ పేరాకు శీర్షికల ఫాంటు వాడాను. దాని కొమ్ములు అందంగా ఉంటాయి.

అలేఖ్య డబ్బా కడుక్కొని వచ్చి వెనుక నిలబడింది. నేను తెర మూసేశాను.

"పర్సనలా సార్?"

"ఔను."

"పీడీఎఫ్ చేసి పంపుండ్రి. లేకుంటే ఫోన్ల పిచ్చి పిచ్చిగ పడ్తది."

పీడీఎఫ్ అనేది గిరాకీలకు పంపే రూపమనీ, ఇంటివారికి అది మర్యాద కాదనీ చెప్పాను. ఆమె తల ఊపి తన కుర్చీలోకి వెళ్లిపోయింది.

మ్యాటర్‌ను కాపీ చేసి, కంప్యూటర్‌లోంచే వాట్సాప్‌లో అతికించి పంపాను. ఆమె ఫోన్‌లో ఆ ఫాంటు లేకపోవడం నా అధీనంలోని విషయం కాదు. రెండు టిక్కులు నీలంగా మారాయి. నా వంతు పూర్తయింది.

చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం పని హాయిగా సాగింది.

ఫిబ్రవరి 22

స్పందన ఫోన్ చేసింది. హనుమండ్లు కూతురు, నిర్మల్‌లో డిగ్రీ చదువుతోంది, శని ఆదివారాలు ఇంటికి వస్తుంది. మేనమామ వరస కనుక నన్ను ఆట పట్టించే హక్కు తనకుందని ఆమె నమ్మకం.

"మామా, ఫ్రెంచ్ ఎప్పుడు నేర్చినవ్?"

"అది ఫ్రెంచి గాదు. ఫాంటు లేక అట్ల కనబడ్తుంది."

"అక్షరాలకు టోపీలున్నయి, తోకలున్నయి, నెత్తిమీద చుక్కలున్నయి. అత్తమ్మ ఫోన్ కరాబైందని కొత్తది కొనుమంటుంది బాపును."

వెనుక నుంచి జమున గొంతు వినిపించింది. రెండు వారాల తర్వాత. "మళ్లొకసారి పంపుమను."

"పంపుతా" అన్నాను.

ఫిబ్రవరి 23

అదే ఉత్తరాన్ని అదే పద్ధతిలో మళ్లీ పంపాను. ఇంతకంటే ఒక మనిషి చేయగలిగింది లేదు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

పక్కింటి గంగుబాయి గేటు దగ్గర ఆపింది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ముసలమ్మ.

"జమున పండుగకు గూడ రాలేదా?"

"పసుపు పని ఉన్నది."

"ఆ పసుపు ఏం పసుపయ్యా, ఇంకా ఉడుకుతనే ఉన్నది."

మార్చి 3

ఒక సాంకేతిక విషయం నమోదు చేయవలసి ఉంది.

పాత గిరాకీ ఒకాయన తన తండ్రి మీద ఎప్పుడో మేము వేసిన స్మారక సంచికను ఇప్పుడు ఫోన్లలో చదివేలా కావాలన్నాడు. మొత్తం మళ్లీ కొట్టాలి, నెల పడుతుంది అని నేను చెప్పబోతుండగా, అలేఖ్య పాత ఫైలు తెరిచి, ఆ టోపీల తోకల అక్షరాలన్నింటినీ ఇంటర్నెట్‌లో ఒక పెట్టెలో అతికించి మీట నొక్కింది. కింది పెట్టెలో తెలుగు వచ్చింది. పూర్తిగా శుభ్రంగా కాదు. గుళ్లు కొన్ని పక్క అక్షరం మీదికి దూకాయి, ఒత్తులు కొన్ని ఒంటరిగా నిలబడ్డాయి. కానీ తెలుగే.

"కన్వర్టర్ సార్. ఫ్రీగనే ఉంటది. అందరికి ఎరికే" అన్నది అలేఖ్య.

సేటు నా వైపు చూసి, ఆ పనిని ఆమెకు ఇచ్చేశారు. కొత్త పుస్తకం పని వస్తే నా బల్ల మీది పెద్ద తెర ఆమెకు మారుస్తామని కూడా అన్నారు.

ఈ రెండు విషయాల్లో ఏది నన్ను ఎక్కువగా కలవరపెట్టిందో చెప్పలేను. రెండవదే అయి ఉండాలి.

మార్చి 4

ఖానాపూర్‌లో కన్వర్టర్ల గురించి తెలిసినవాళ్లు ఉండరు.

స్పందన డిగ్రీలో తీసుకున్నది కంప్యూటర్స్.

మార్చి 5

ఉత్తరాన్ని ప్రెస్‌లో మళ్లీ తెరిచి చదివాను.

మొదటి పేరాలో కుశల ప్రశ్నలు, పసుపు ధర, కరెంటు బిల్లు. రెండవ పేరాలో యూనికోడ్ లోపాలు. ఈ రెండింటినీ ఎవరు చదివినా నష్టం లేదు. మూడవ పేరా నేను వ్రాసినట్లు లేదు. చదివేవారు ఉండరని తెలిసినప్పుడు మనిషి వాక్య నిర్మాణంలో అజాగ్రత్తగా ఉంటాడు. అందులో ఉన్నదానిని ఇక్కడ తిరిగి వ్రాయను.

పంపిన సందేశాన్ని అందరి ఫోన్లలోంచీ తొలగించే సౌకర్యం ఒకటి వాట్సాప్‌లో ఉంది. దానికి గడువు ఉంటుందట. దాటిపోయింది.

మార్చి 7

ఆదివారం ఖానాపూర్ వెళ్లాలని నిర్ణయించాను. జమున ఫోన్‌లోని ఫాంటు సమస్యను స్వయంగా పరిష్కరించడం నా బాధ్యత.

మార్చి 9, ఆదివారం

జగిత్యాలలో బస్సు మారి, ఎండ పూర్తిగా ఎక్కకముందే ఖానాపూర్ చేరాను. హనుమండ్లు పొలం వెళ్లాడు. వాకిలి నిండా పసుపు ఆరబోసి ఉంది. అతని భార్య బాలలక్ష్మి చెంబుతో నీళ్లిచ్చి, "ఇన్నొద్దులకు తొవ్వ దొరికిందానే అన్నా" అన్నది. స్పందన వాకిలి చివరకు వినిపించేలా కేకవేసింది.

"అత్తమ్మా, ఫ్రెంచ్ సారొచ్చిండు."

జమున వాకిట్లో కూర్చొని కొమ్ముల్లోంచి మట్టిపెళ్లలు ఏరుతోంది. లేవలేదు. కొంచెం నల్లబడింది. లేదా నేనే ఎక్కువ రోజుల తర్వాత చూస్తున్నాను.

"నీ ఫోనొకసారి ఇయ్యి. ఫాంటు సంగతి జూస్త."

"చేతులకు పసుపున్నది. గూట్ల ఉన్నది, తీస్కో."

తీసుకున్నాను. నా రెండు సందేశాలూ అలాగే ఉన్నాయి. మొదటి దాని మీద వేలు అదిమి, తొలగించు అనే గుర్తు కోసం వెతికాను. తొందరలో వేలు జారి వెనక్కి వెళ్లింది. సందేశాల వరుసలో అన్నిటికంటే పైన జమున పేరే ఉంది. తనకు తాను పంపుకున్నవి.

తెరిచాను. నా ఉత్తరం తెలుగులో ఉంది.

మొదట కన్వర్టర్ నుంచి వచ్చినది వచ్చినట్లు, గుర్తులన్నీ చెల్లాచెదురుగా. దాని కింద అదే ఉత్తరం మళ్లీ, మొదటి వాక్యం మాత్రం సరిగా. దాని కింద మళ్లీ, ఇంకో వాక్యం. అలా కిందికి కిందికి. దూకిన ప్రతి గుడినీ దాని అక్షరం మీదికి తెచ్చి, విడిపోయిన ప్రతి ఒత్తునూ అతికించి, ఒక్కో రోజు ఒక్కో వాక్యం చొప్పున ఆమె నా పసుపు ధరనూ కరెంటు బిల్లునూ దిద్దుకుంటూ వచ్చింది. యూనికోడ్‌లోని లోపాలను కూడా యూనికోడ్‌లోనే సవరించింది.

స్పందన నా భుజం మీదుగా తొంగిచూసింది. "కన్వర్ట్ చేసిచ్చింది నేనే మామా. మిగిలింది గూడ దిద్దిస్తనంటే నన్ను చూడనియ్యలే. దినాం పగటీలి ఒక్కతే కూసుంటుంది."

"స్పందనా, లోపలికి పో" అన్నది జమున. ఆ పిల్ల పోయింది.

జమున చేతులు కడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"రెండు పేరాలు అయినయి. కరెంటు బిల్లు కట్టినవా?"

"కట్టిన."

"మూడోది ఎంత జేసినా వస్తలేదు. అన్ని పిచ్చి అక్షరాలే. అదేం ఫాంటు?"

"అది వేరే. హెడ్డింగులకు వాడేది. దాని లెక్క వేరే ఉంటది."

"ఉత్తరం నడుమ హెడ్డింగేంది?"

నేను ఫోన్ తెరను చొక్కా అంచుతో తుడిచాను.

"ఏమున్నది అండ్ల?"

ఆ పేరాలో ఏమున్నదో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నేను ఏం చెప్పినా అదే ఉత్తరమవుతుంది. ఇట్లు, క్షేమం అని చెప్పవచ్చు. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె తడిచేతులు ఒళ్లో పెట్టుకొని ఎదురుచూస్తోంది. ఈ నెల రోజుల్లో ఆమె నా కోసం ఎదురుచూడడం నాకు తెలిసినంతవరకు ఇదే మొదటిసారి అనుకున్నాను. ఆ వాట్సాప్ వరుస చూశాక అది కూడా తప్పని తెలుస్తోంది.

"భయమైంది అని ఉన్నది."

"ఎవలకు?"

"నాకు."

"దేనికి?"

"సేటు ఎప్పుడు జూసినా అలేఖ్య అయితే నయమంటుండు. ఇంతట్లనే నువ్వు గూడ ఫోన్ల కొట్టుకొచ్చినవు. ఇగ ఇంట్ల గూడ నా పనేం లేదనిపిచ్చింది."

ఆమె ఫోన్ తీసుకొని ఆ మూడవ పేరాను కాసేపు చూసింది.

"గీ ముక్కకు గింత పెద్ద పేరానా?"

"మిగిలినయన్ని విశేషణాలు."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. నవ్విందో లేదో నాకు కనిపించలేదు. తిరిగి ఇటు చూసినప్పుడు మామూలుగానే ఉంది.

"తప్పు నాది అని ఉన్నదా యాడనన్న?"

"చివర్ల ఉన్నది."

"అది గూడ హెడ్డింగ్ ఫాంట్లనేనా?"

"అదే."

"అయితే నోటితో చెప్పు. నేను ఆ రోజు అందరి ముంగట నవ్విన. ఎందుకు నవ్విన్నో ఎరికేనా నీకు? ఏడిస్తే బాగుండదని నవ్విన."

చెప్పాను. ఎండిన పసుపును చేటకెత్తుతూ బాలలక్ష్మి అక్కడే ఉంది. తలుపు వెనుక స్పందన కూడా ఉండి ఉండాలి. వాళ్లు వినేంత గట్టిగానే చెప్పాను. విశేషణాలు వాడలేదు.

జమున కొంగుతో తడిచేతులు తుడుచుకొని, "సెంటర్‌కు మాటిచ్చిన. పిల్లలు పేర్లు రాయించుకున్నరు. ఎండకాలం ఒడిసేదాంక ఈడనే ఉంట" అన్నది.

"తర్వాత?"

"తర్వాత వస్త. వచ్చినంక ఆ సకినాల లేబుల్ నేను కొట్టినట్లే ఎయ్యాలె. అలేఖ్యతోని ఏయించు." లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "నడుమల ఆదివారం ఆదివారం రా. ఫాంట్లు పెట్టనీకి గాదు."

భోజనం చేసి బయలుదేరేటప్పుడు ఆమె నా ఫోన్ అడిగి తీసుకొని, అందులో తెలుగు మీటల బల్ల పెట్టింది. ఏ మీట ఎక్కడుందో చూపించింది. నేను శ్రద్ధగా విన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఇల్లు చేరి తాళం తీస్తుండగా జమున నుంచి సందేశం వచ్చింది.

తిన్నవా

కొత్త మీటలతో జవాబు కొట్టడం మొదలుపెట్టాను. త, దాని మీద గుడి. న, దానికి పొల్లు, మళ్లీ న. నకారాలు రెండూ వాటంతట అవే ఒకదాని కింద ఒకటి సర్దుకున్నాయి. దీర్ఘం. న, కొమ్ము. తిన్నాను. చూడడానికి అక్షరాలు బాగానే ఉన్నాయి. పొందిక గురించి నేను లోగడ అన్నదానిని కొంత సవరించుకోవలసి ఉంటుంది.

పంపబోయి ఆగాను. పొయ్యి చల్లగా ఉంది. వెనక్కి చెరిపే మీట నొక్కాను. పాత ఫాంటులో ముక్కలు ఊడినట్లే, ఇందులో కూడా అన్నీ ఒక్కసారి పోవు. ముందు కొమ్ము పోయింది. తర్వాత న. తర్వాత దీర్ఘం. తర్వాత కింది న, దాని వెంట పొల్లు. అక్కడ ఆగాను. తిన అని మిగిలింది.

దానికి లే కలిపి పంపాను.

నీలి టిక్కులు పడ్డాయి. ఫోన్ మోగింది.

"బియ్యం కడిగినవా?" అన్నది జమున.

"ఇంకా లేదు."

"కడుగు. నేను లైన్ల ఉంట."